‘హెల్ప్’ అనే మాటకి అర్థం ఏమిటి?

ఎమ్మిగనూరులో మేముండే వీధిలో పదో తరగతి చదువుకునే ఒకమ్మాయి ఉంది. ఇంగ్లీషులో ఏదైనా అర్థం కాకపోతే పుస్తకం పట్టుకుని మా ఇంటికి వస్తుంటుంది. ఈ మధ్య ఒక సాయంత్రం వచ్చి, ‘‘ఆంటీ, ‘హెల్ప్’ అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో, అదే అర్థం వచ్చే వేరే మాటలు ఏమున్నాయో రాసుకుని రమ్మన్నారు. సాయం అని రాసేసిన. ఇంకేం రాయాల?’’ అని అడిగింది. ఇంత తేలిక మాటకి ఇంకేముంటాయిలే అనుకుంటూనే డిక్షనరీ తీశాను. తీరా చూస్తే చాలానే ఉన్నాయి.

‘హెల్ప్’ అంటే సాయం చేయడం, సరే. ఆపదలో ఉన్న మనిషి ‘హెల్ప్!’ అని అరిస్తే ‘కాపాడండి’ అని అర్థం. భోజనాల దగ్గర ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ అంటే ‘మొహమాటం లేకుండా మీక్కావలసింది మీరే వడ్డించుకోండి’ అని. ‘ఐ కాంట్ హెల్ప్ ఇట్’ అంటే ‘నేను సాయం చేయలేను’ అని కాదట, ‘ఏం చేయను, తప్పదు’ అని. మందు గుణమిచ్చింది అని చెప్పడానికీ ఆ మాటే వాడతారు. ఇళ్ళల్లో అంట్లు తోమి, బట్టలుతికే మనిషిని కూడా ‘హెల్ప్’ అనే అంటారు. ఈ చివరి అర్థం దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. ‘‘జీతం తీసుకుని చేస్తే అది పని కదా ఆంటీ. సాయం ఎట్లయితాది?’’ అంది.

పర్యాయపదాలు కూడా రాసుకుంది. ఎయిడ్, అసిస్టెన్స్, సపోర్ట్, రిలీఫ్, సర్వీస్. చివర ఆ మాటతో ఒక సొంత వాక్యం రాయాలి. అమ్మాయి ఎక్కువసేపు ఆలోచించలేదు. ‘మై మదర్ హెల్ప్స్ మై ఫాదర్’ అని రాసి, పుస్తకం మూసి, థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

వాక్యంలో తప్పేమీ లేదు. మార్కులు కూడా పడతాయి. కానీ ఆ ఇల్లు నాకు బాగా తెలుసు. వాళ్ళ నాన్న మగ్గం నేస్తాడు. వాళ్ళమ్మ తెల్లవారుజామున లేచి, నీళ్ళు పట్టి, వంట చేసి, రాట్నం ముందు కూర్చుంటుంది. ఆమె కండెలు చుడితేనే నాడె ఆడుతుంది. పడుగుకి గంజి పెట్టాలన్నా, తెగిన పోగులు అతకాలన్నా ఆమె చేతులే కావాలి. ఆయనకి జ్వరమొస్తే మగ్గం గుంతలో దిగి నేసేదీ ఆమే. ఆమె ఒక్కరోజు పుట్టింటికి వెళ్తే ఆ ఇంట్లో మగ్గం మధ్యాహ్నానికల్లా ఆగిపోతుంది. మగ్గం ఆగిపోయేంత పనిని సాయం అనవచ్చా?

ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకంటే అదే వాక్యాన్ని నేను తెలుగులో, ప్రభుత్వ కాగితాల భాషలో, కొన్ని వందలసార్లు రాశాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ తరఫున నేత కుటుంబాల వివరాలు రాసుకోవడానికి ఇంటింటికీ తిరిగాను. ఫారంలో పేరు, వయసు, చదువు తర్వాత ‘వృత్తి’ అని ఒక గడి ఉండేది. మగవాళ్ళ దగ్గర ఇబ్బంది లేదు, ‘నేత’ అని రాసేదాన్ని. ఆడవాళ్ళని ‘‘మీరేం చేస్తారమ్మా?’’ అని అడిగితే అందరిదీ దాదాపు ఒకటే జవాబు. ‘‘నేసేది మా ఆయన. నేను ఊరికే సాయం చేస్తాంటా.’’ ‘ఊరికే’ అన్న మాట ఆ జవాబులో తప్పకుండా ఉండేది. ఆ మాట అంటున్నప్పుడు కూడా వాళ్ళ చేతులు రాట్నం తిప్పుతూనే ఉండేవి. అది నా కళ్ళకి కనిపిస్తూనే ఉంది. అయినా చెవులు విన్నదే రాశాను. ‘భర్తకు సహాయం’ అని గడి నింపి పక్కింటికి వెళ్ళాను.

అలా రాసిన ఇళ్ళలో ఒక ఇంటాయన తర్వాత రెండేళ్ళకి చనిపోయాడు. ఆమెకి నేత వచ్చు. ఆయన మంచాన పడ్డ ఆరు నెలలూ మగ్గం నడిపింది ఆమే. నూలు కొనుక్కోవడానికి తన పేరు మీద అప్పు అడుగుదామని ఒక కార్యాలయానికి వెళ్ళింది. మేము రాసిన జాబితాలే అక్కడికీ చేరాయి. వాళ్ళు జాబితా తీసి చూసి, ‘‘నీ పేరు నేతపని వాళ్ళలో లేదు. సాయం చేస్తానని నువ్వే చెప్పినావు కదమ్మా’’ అన్నారట. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కోపంగా ఏమీ అనలేదు. ‘‘ఆ పొద్దు రాసింది నువ్వే కదమ్మా?’’ అని మాత్రం అడిగింది.

ఆ ఒక్క గడి దిద్దించడానికి ఆమె, నేను కలిసి దాదాపు ఏడాది తిరిగాం. చివరికి దిద్దారు. కానీ ఆ ఏడాదంతా ఆమె మగ్గం మీద సొంత పడుగు ఎక్కలేదు. వేరేవాళ్ళ ఇళ్ళల్లో కండెలు చుట్టి బతికింది. నా చేతి రాత ఖరీదు అది. అప్పటి నుంచీ ‘సాయం’ అనే మాట ఎక్కడ వినపడినా, ఎవరు, ఎవరికి, ఎందుకు అని అడిగి గానీ రాయడం లేదు.

మన దేశంలో లెక్కలు రాసే పద్ధతిలోనే ఈ మాట కూర్చుని ఉంది. ఉద్యోగాలు, ఉపాధి గురించి కేంద్ర ప్రభుత్వం చేయించే నమూనా సర్వేల్లో ప్రతి మనిషికీ ఒక కోడ్ నెంబరు వేస్తారు. ఇంటి చేనులో, ఇంటి మగ్గం మీద, ఇంటి అంగడిలో కూలి లేకుండా పనిచేసేవాళ్ళు 21వ కోడ్. దాని పేరే ‘కుటుంబ వ్యాపారంలో హెల్పర్’. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్ళు 92. ఇంటి పనులతో పాటు కట్టెలు ఏరి, గడ్డి కోసి, నీళ్ళు మోసేవాళ్ళు 93. ఈ 92, 93 కోడ్‌లు పడ్డవాళ్ళు శ్రామికుల లెక్కలోకే రారు. అంటే మన ఊరి ఆడమనిషి పొద్దున ఐదు గంటల నుంచి రాత్రి పది దాకా ఏం చేసినా, ఆమె కోసం రెండే పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి హెల్పర్, రెండోది ఏమీ చేయనిది.

జనాభా లెక్కల్లో ఈ సంగతి మీద స్త్రీల సంఘాలు గొడవ చేశాకే 1991లో ప్రశ్న మార్చారు. ‘మీరు పని చేశారా?’ అన్న ప్రశ్నకి ‘పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ కూలి లేకుండా చేసిన పనితో సహా’ అని కలిపారు. చిన్న మాటే. కానీ ఆ మాట లేనప్పుడు ‘ఇంట్లోనే ఉంటాది’ అన్న ఒక్క జవాబుతో ఆడవాళ్ళ కష్టమంతా కొట్టుకుపోయేది.

చేనేత లెక్కలే చూడండి. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత మీద పనిచేసేవాళ్ళు 35 లక్షల పైచిలుకు. అందులో 72 శాతం స్త్రీలు. ఆ గణనలో నేసేవాళ్ళని ఒక వరుసలో, కండెలు, పడుగు, అద్దకం లాంటి పనులు చేసేవాళ్ళని ‘అనుబంధ కార్మికులు’ అని ఇంకో వరుసలో రాశారు. ‘అనుబంధం’ అన్న మాట నాకు పూర్తిగా నచ్చదు గానీ, కనీసం వెంట ‘కార్మికులు’ అని ఉంది. ‘సాయం’ అని రాసినదానికంటే అది మేలు.

ఎమ్మిగనూరుకి చేనేత వల్లే పేరు. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం మూలంగా బతికిన కుటుంబాలు ఎన్నో. అయినా నేను తిరిగిన ఇళ్ళల్లో సంఘం కాగితాలైనా, మగ్గం గుర్తింపు కార్డైనా మగవాళ్ళ పేరు మీద ఉన్నవే ఎక్కువ. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టింది. దాని పేరు ‘నేతన్న నేస్తం’. డబ్బు అవసరానికి ఆదుకుంది, కాదనను. కానీ ఆ పేరులో అన్న ఉన్నాడు, అక్క లేదు. పొలం సంగతికొస్తే ‘రైతన్న’ అంటాం. కలుపు తీసేదీ, విత్తనం వేసేదీ, పత్తి తీసేదీ రైతక్క అయినా ఆ మాట మన నోటికి రాదు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు. సంఘం పనుల మీద వారానికి రెండుసార్లయినా ఆ బస్సెక్కుతాను. ఆదోని అంటే పత్తి. మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు, వాటి చుట్టూ హమాలీలు, కూలీలు. ఆ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళతో మాట్లాడినప్పుడు ‘హెల్ప్’కి ఇంకో అర్థం తెలిసింది. పత్తిలో చెత్త ఏరేవాళ్ళనీ, గంపలు మోసేవాళ్ళనీ, మిషను దగ్గర పత్తి అందించేవాళ్ళనీ ‘హెల్పర్లు’ అంటున్నారు. మిషను నడిపే మగమనిషికి ఒక కూలి, హెల్పరుకి ఒక కూలి. అదేమంటే ‘‘ఆయన ఆపరేటరు, ఈమె హెల్పరు’’ అన్న జవాబు తయారుగా ఉంటుంది.

ఇందులో మెలిక ఉంది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికైనా, ఒకే స్వభావం గల పనికైనా ఆడా మగా తేడా లేకుండా సమానంగా వేతనం ఇవ్వాలని అందులో ఉండేది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది. మరి తక్కువ కూలి ఇవ్వాలంటే ఏం చేయాలి? పని వేరు అని చూపించాలి. దానికి పని మార్చక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. చట్టం కళ్ళు కప్పడానికి ‘హెల్పర్’ అనే ఒక్క మాట సరిపోతోంది.

పల్లెల్లో ఇంకో రకం. మా పడమటి మండలాల నుంచి ప్రతి ఏడాదీ జనం సుగ్గికి పోతారు. మిరపకాయలు కోయడానికీ, పత్తి తీయడానికీ గుంటూరు వైపు పిల్లాజెల్లాతో లారీలెక్కుతారు. అక్కడ భార్యాభర్తలిద్దరూ ఒకే సాలులో వంగి కోస్తారు. సాయంత్రం గుడారానికి వచ్చాక ఆయన నడుం వాలుస్తాడు, ఆమె పొయ్యి ముట్టిస్తుంది. ఊరికొచ్చాక పలకరిస్తే ‘‘మా ఆయన సుగ్గికి పోయినాడు, నేనూ తోడు పోయిన’’ అంటుంది. కోసిన కాయలు ఇద్దరివీ సమానమే, కానీ ఆమె చెప్పే లెక్కలో ఆమె తోడు మాత్రమే.

మధ్యతరగతి ఇళ్ళల్లో ఇదే మాట అటు తిరిగి వస్తుంది. ‘‘మా అల్లుడు చాలా మంచోడు, ఇంటి పనిలో హెల్ప్ చేస్తాడు’’ అని గొప్పగా చెప్పుకుంటారు. అంటే ఆ పని ఎవరిదన్నమాట? ఆయన మగ్గం మీద కూర్చుంటే అది ఆయన పని, ఆమె చేస్తే సాయం. ఆమె వంటింట్లో ఉంటే అది ఆమె పని, ఆయన చేస్తే సాయం. ఇక్కడి దాకా సమానంగానే ఉన్నట్టుంది. కానీ ఆయన సాయానికి మెచ్చుకోలు వస్తుంది, ఆమె సాయానికి ‘ఊరికే’ అన్న మాట వస్తుంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వేలో, కూలి లేని ఇంటి పని చేసేవాళ్ళని లెక్క వేస్తే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. దాదాపు ఐదు గంటలు పని, గంటన్నర హెల్ప్.

ప్రభుత్వమే యజమాని అయిన చోట కూడా ఇదే కథ. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ కేంద్రంలో ఇద్దరు స్త్రీలుంటారు. ఒకరు కార్యకర్త, ఇంకొకరు ఆయా. కాగితాల మీద ఆయా ‘హెల్పర్’. వంట చేస్తుంది, పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకొస్తుంది, కేంద్రం ఊడ్చి కడుగుతుంది. వాళ్ళకిచ్చే డబ్బుని జీతం అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగేనాటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు వచ్చేవి. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. మధ్యలో, 2024 జనవరి మొదట్లో, ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగినప్పుడు హెల్పర్, సేవకురాలు. పని ఆపినప్పుడు మాత్రం అత్యవసరం! ఆ పని ఎంత అవసరమో ప్రభుత్వమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టయింది.

‘‘మాట మారిస్తే కూలి పెరుగుతుందా?’’ అని మా సంఘంలోనే ఒక మిత్రురాలు నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మాట ఒక్కటే మారిస్తే పెరగదు. కానీ మాట మారకుండా పెరిగిన సందర్భం కూడా నాకు కనిపించలేదు. గుజరాత్ అంగన్‌వాడీల కేసులో 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కార్యకర్తలకీ, హెల్పర్లకీ 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పుకి ఇరుసు ఏమిటంటే, పేరు గౌరవ వేతనం అయినా చేసిన పనికి ఇస్తున్నది వేతనమే అనడం. ఒక మాటని ఆ మాటగా పిలిచాకే డబ్బు మాట వచ్చింది. అలాగే రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి నష్టపరిహారం ఎలా లెక్కకట్టాలన్న కేసులో 2010లో సుప్రీంకోర్టు జనాభా లెక్కల్ని తప్పుపట్టింది. 2001 లెక్కల్లో ఇంటి పని చేసే కోట్లాది స్త్రీలని బిచ్చగాళ్ళు, ఖైదీల వరుసలో పని చేయనివాళ్ళుగా రాశారని ఎత్తిచూపింది. 2021లో ఇంకో కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గారు గృహిణి పనికి ఆదాయాన్ని లెక్కగట్టడం ఎందుకు అవసరమో విడిగా రాశారు. మాట మార్చడం చివరి మెట్టు కాకపోవచ్చు, మొదటి మెట్టు మాత్రం అదే.

ఇప్పటిదాకా మనం ఇచ్చేదాని గురించి మాట్లాడాను. మనకి వచ్చేదాని సంగతి చూడండి. అక్కడా ఈ మాటే ఎదురవుతుంది.

పథకాల పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. అభయహస్తం, పసుపు–కుంకుమ, ఆసరా, చేయూత, తోడు, చేదోడు, దీవెన, కానుక, భరోసా. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, పేర్ల వరస మాత్రం మారలేదు. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ‘హెల్ప్’కి రాయాల్సిన తెలుగు పర్యాయపదాలన్నీ మన రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో ఉన్నాయి! వీటిలో హక్కు అన్న మాట ఎక్కడా లేదు. మనం కట్టిన పన్నుల్లోంచి, మనం చేసిన చాకిరీలోంచి వచ్చిన డబ్బే పుట్టింటివాళ్ళు పెట్టిన సారెలాగా చేతిలో పెడతారు. దణ్ణం పెట్టి తీసుకోవాలి. రాకపోతే అడగడానికి నోరు రాదు, ఎందుకంటే సాయం అడిగి తెచ్చుకునేది కాదు కదా, వాళ్ళ దయ.

మా ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1876–78 కరువులో బళ్ళారి జిల్లా తీవ్రంగా దెబ్బతింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు జిల్లాలో కలిసేదాకా ఆదోని ఆ జిల్లాలోనే ఉండేది. కరువులో తిండి లేని జనం చేత తెల్లదొరలు రోడ్లు వేయించారు, మట్టి మోయించారు. దాన్ని ‘రిలీఫ్’ అన్నారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, ఖర్చు ఎక్కువవుతోందని, ఆ కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం స్థాయికి దించాడు. పని చేయించుకుని ఇచ్చేది కూలి అని ఒప్పుకుంటే అంత తక్కువ ఇవ్వడం కష్టమయ్యేది. రిలీఫ్ అన్నారు కాబట్టి ఎంత ఇచ్చినా పుణ్యమే అయింది.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు ‘హామీ’ అనే మాటకి మేమంతా సంతోషించింది ఇందుకే. పని అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఆ చట్టంలో రాశారు. దయ ఉన్న చోట గడువు ఉండదు, గడువు ఉందంటే అది హక్కు. అయినా మా వైపు ఆడవాళ్ళు ఆ పనిని ‘కరువు పని’ అనే పిలిచారు. తాతల నాటి మాట అంత తేలిగ్గా పోలేదు.

చట్టం కొన్నిచోట్ల ఈ తేడా బాగానే పట్టుకుంది. ఉచిత న్యాయం కోసం 1987లో చేసిన చట్టం పేరు న్యాయ సేవల అధికార సంస్థల చట్టం. 1995 నుంచి అమల్లో ఉంది. అందులో 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని పెట్టాలి. దాన్ని ‘న్యాయ సహాయం’ అని మనం నోటి అలవాటుగా అంటాం. అందుకని మనవాళ్ళు కోర్టు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడతారు. 2005 గృహహింస చట్టంలో ‘రిలీఫ్’ అన్న మాట ఉంది. అక్కడ దానర్థం కోర్టు ఇచ్చే ఆదేశం. భర్త ఖర్చులు కట్టాలి, ఇంట్లోంచి గెంటకూడదు అని చెప్పే ఆదేశం. కరువు రోజుల రిలీఫ్, ఈ రిలీఫ్ ఒకటి కావు. 181కి ఫోన్ చేసే స్త్రీ ‘కాపాడండి’ అనే హెల్ప్ అడుగుతోంది. ఫోనెత్తేవాళ్ళు ఆమెకి ఉపకారం చేస్తున్నామనుకుంటే ‘సర్దుకుపోమ్మా’ అంటారు. బాధ్యత అనుకుంటే బండి పంపిస్తారు.

అయితే సాయం అనే మాటే చెడ్డదా? ఇంట్లో కూడా లెక్కలేనా, ప్రేమ ఉండొద్దా అని అడిగేవాళ్ళున్నారు. ఉండాలి. మా ఊళ్ళల్లో ఒకరి చేన్లో ఒకరు బదులుకి పోయే పద్ధతి ఉంది. ఈరోజు నీ కలుపు, రేపు నా కలుపు. పురిటింటికి ఇరుగమ్మ, పొరుగమ్మ గిన్నెలు పట్టుకుని వస్తారు. డబ్బు లెక్కలుండవు, కానీ బదులు తప్పదు. అదీ సాయమంటే. ‘సహాయ’ అనే సంస్కృతపు మాటకి మొదటి అర్థం కలిసి నడిచే మనిషి అని. కలిసి నడవడంలో ముందొకరు, వెనకొకరు ఉండరు.

అందుకే నేను సాయమా, పనా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఆమె ఈరోజు చేయను అంటే చెల్లుతుందా? ఆమెకి అవసరమైనప్పుడు అదే సాయం తిరిగి వస్తుందా? ఆమె చేయకపోతే ఆ ఇంటి సంపాదన ఆగుతుందా? చేయను అనే వీలుండి, తిరిగి వస్తే అది సాయం. చేయను అనే వీలు లేక, తిరిగి రాక, ఆగితే సంపాదన ఆగేదైతే అది పని. దానికి పేరుండాలి, లెక్క ఉండాలి, కాగితం మీద ఆమె సంతకం ఉండాలి.

మా సంఘంలో ఇప్పుడు ఫారాలు మార్చుకున్నాం. ‘మీరేం చేస్తారు?’ అని అడగడం మానేశాం. ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో చెప్పండి’ అని అడుగుతున్నాం. ఆమె చెప్పిన ప్రతి పనినీ దాని పేరుతో రాస్తున్నాం. కండెలు చుట్టడం, గంజి పెట్టడం, పత్తి తీయడం, ఆవుకి మేత వేయడం. ఒక్కో ఇంట్లో పావుగంట ఎక్కువ పడుతోంది. చివర ఆమెకే చదివి వినిపిస్తాం. చాలామంది నవ్వుతారు. ‘‘ఇంత చేస్తానా నేను?’’ అంటారు. ఈ పత్రిక చదివే మీలో చాలామంది నాలాగే ఫారాలు నింపేవాళ్ళే. మీ సంస్థ ఫారంలో ‘వృత్తి’ గడి ఒకసారి తీసి చూడండి. అందులో ‘సహాయం’, ‘గృహిణి’, ‘ఏమీ లేదు’ అని ఎన్నిసార్లు రాశామో లెక్కపెట్టండి. రేపు అప్పుకైనా, పింఛనుకైనా, పట్టాకైనా ఆ గడే సాక్ష్యం చెబుతుంది.

ఆ పదో తరగతి అమ్మాయి మొన్న మళ్ళీ వచ్చింది. వాక్యానికి ‘రైట్’ కొట్టారని చెప్పింది. నేనేమీ అనకుండా మూడు ప్రశ్నలూ ఆమెనే అడిగాను. కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, ‘‘అమ్మ చేయనంటే నాన్న ఒప్పుకోడు ఆంటీ. ఒప్పుకున్నా మగ్గం నడవదు’’ అంది. తర్వాత పాత వాక్యం కొట్టేయలేదు, దాని కింద ఇంకొకటి రాసుకుంది. అందులో అమ్మా నాన్నా ఇద్దరూ ‘వీవర్స్’ అని ఉంది.